మీకు తెలుసా? అకరణీయంలో ఆ ‘అ’ ఎక్కడిది

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. తెలుగు మీడియం. మొన్న సెలవులకు వచ్చినప్పుడు లెక్కల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. “మామయ్యా, న్యాయం, అన్యాయం. శాంతి, అశాంతి. ముందు ‘అ’ పెడితే కాదనే కదా అర్థం? మరి చక్కగా భిన్నంలా రాయగలిగిన సంఖ్యలకు అకరణీయాలని, అలా రాయలేని రూట్ 2 లాంటి వాటికి కరణీయాలని తిరగేసి పేరు పెట్టారేంటి?” అని అడిగింది.

తెలుగులో లెక్కలు చదివిన వాళ్లందరూ ఈ గుమ్మం దగ్గర తడబడ్డవాళ్లే. మా రోజుల్లో ఈ ప్రశ్నకు వచ్చిన జవాబు ‘గుర్తు పెట్టుకో, అంతే’. గుర్తు పెట్టుకున్నాం. పరీక్ష రాశాం. అసలు జవాబు ఆ మాటలోనే ఉందని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

కరణి అన్నది చాలా పాత మాట, శుల్బ సూత్రాల నాటిది. శుల్బం అంటే తాడు. నేల మీద మేకులు కొట్టి, తాడు బిగించి లాగి, యజ్ఞవేదికలు గీసేవాళ్ల కోసం రాసిన సూత్రాలవి. ఒక చదరం ఉంది. దానికి సరిగ్గా రెట్టింపు వైశాల్యం ఉన్న చదరం కావాలి. ఎంత పొడవు తాడు తీసుకోవాలి? మొదటి చదరానికి మూల నుంచి మూలకు, అంటే కర్ణం పొడవున తాడు పట్టి, దాన్నే భుజంగా పెట్టి కొత్త చదరం గీస్తే సరిపోతుంది. రెట్టింపును చేసేది కాబట్టి ఆ తాడుకు ద్వికరణి అని పేరు. మూడింతలు చేసేది త్రికరణి. ఇవాళ మనం √2, √3 అని రాస్తున్నవి ఇవే. అలా కరణి అంటే తెగని వర్గమూలం అన్న అర్థం నిలిచింది. కరణి స్వభావం ఉన్న సంఖ్య కరణీయం, లేనిది అకరణీయం. అంటే ఆ ‘అ’ తన పని తాను సరిగ్గానే చేస్తోంది. ‘చేయదగినది’ అనే అర్థంలో కరణీయం అన్న మాట మామూలు వాడుకలో కూడా ఉండడం వల్ల పిల్లలకు చిక్కు ఇంకాస్త ముడిపడుతుంది.

* * *

ఆ తాడు పొడవెంత? బౌధాయన శుల్బ సూత్రంలో దానికో లెక్క ఉంది. భుజానికి దానిలో మూడో వంతు కలపు, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలపు, చివరగా ఆ నాలుగో వంతులో ముప్పై నాలుగో వంతు తీసెయ్. అంటే 1 + 1/3 + 1/12 − 1/408. అంతా ఒక్క భిన్నం చేస్తే 577/408.

కాగితం తీసుకుని సరిచూడండి, రెండు నిమిషాల పని. 577ను 577తో గుణిస్తే 3,32,929. 408ని 408తో గుణించి రెట్టింపు చేస్తే 3,32,928. తేడా ఒక్కటి. మూడు లక్షల ముప్పై రెండు వేల చిల్లరలో ఒకే ఒక్కటి! మీటరు భుజం ఉన్న చదరానికి ఈ లెక్కన కర్ణం కొలిస్తే వచ్చే తప్పు మిల్లీమీటరులో సుమారు అయిదు వందల వంతు. తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా కాదు.

ఆ ఒక్కటీ ఎందుకు మిగిలింది? అది ఎప్పటికీ పోదు కాబట్టి. √2 ఒక భిన్నమే అనుకుందాం. లవహారాలను కొట్టివేతలన్నీ అయ్యాక చిట్టచివరి రూపంలో రాశాం. లవం వర్గం హారం వర్గానికి రెట్టింపు, అంటే సరి సంఖ్య. కాబట్టి లవమూ సరి సంఖ్యే. సరి సంఖ్య వర్గం నాలుగుతో తెగుతుంది, దానిలో సగమైన హారం వర్గం రెండుతో తెగుతుంది. అంటే హారమూ సరి సంఖ్యే. రెండూ సరి సంఖ్యలైతే ఇంకో రెండు కొట్టెయ్యొచ్చు. కానీ కొట్టివేతలన్నీ అయిపోయాయన్నాం కదా! అనుకున్నదే తప్పు. అందుకే ఏ భిన్నం తెచ్చినా దాని పక్కన నిలబడుతుందే తప్ప √2 కాలేదు.

అలా పక్కన నిలబడే భిన్నాలకో నిచ్చెన ఉంది. 3/2తో మొదలుపెట్టండి. కొత్త హారం కావాలంటే పాత లవహారాలు కలపండి. ఆ కొత్త హారానికి పాత హారం మరోసారి కలిపితే కొత్త లవం. 3/2, 7/5, 17/12, 41/29, 99/70, 239/169, 577/408. ఏ మెట్టు దగ్గర ఆగినా లవం వర్గానికీ, హారం వర్గం రెట్టింపుకూ మధ్య తేడా ఒక్కటే. ఒక మెట్టు మీద ఒకటి ఎక్కువ, తర్వాతి మెట్టు మీద ఒకటి తక్కువ. ఈ రకం సమీకరణాలకే బ్రహ్మగుప్తుడు 628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో పద్ధతి చెప్పాడు. ఆ సమీకరణాలకు వర్గప్రకృతి అని పేరు.

ఆ నిచ్చెన మీద 99/70 దగ్గర కాసేపు ఆగుదాం. ఇంట్లో ఏ4 కాగితం ఉంటే స్కేలు పెట్టి కొలవండి. పొడవు 297 మిల్లీమీటర్లు, వెడల్పు 210. రెండింటినీ మూడుతో కొట్టేస్తే 99, 70! బౌధాయనుడి భిన్నం ఉన్న నిచ్చెన మీదే, రెండు మెట్లు కిందగా, మీ ప్రింటరులో కాగితం ఉంది. మా మేనకోడలు దీన్ని నమ్మక తనే స్కేలు తెచ్చి కొలిచింది.

కాగితానికి √2తో ఏం పని? ఏ4ను అడ్డంగా మధ్యకు మడిస్తే వచ్చే సగం కూడా అదే ఆకారంలో ఉంటుంది. పొడవు వెడల్పుకు √2 రెట్లు ఉంటేనే ఇది కుదురుతుంది, ఇంకే నిష్పత్తికీ కుదరదు. జర్మనీలో 1922లో ఈ కొలతలను ప్రమాణంగా పెట్టారు. తర్వాత దాదాపు ప్రపంచమంతా తీసుకుంది. జిరాక్స్ షాపులో ఏ3ని ఏ4కి తగ్గించేటప్పుడు మిషను మీద పడే అంకె గమనించండి. 71 శాతం అని ఉంటుంది. పెంచేటప్పుడు 141. మొదటిది 1ని √2తో భాగిస్తే వచ్చేది, రెండోది √2యే. తెగని సంఖ్యను ఒక మీట మీద రాసి పెట్టారు.

* * *

పుస్తకంలో ఇంకో చిక్కు జంట ఉంది. సున్నాను చేర్చుకున్నవి పూర్ణాంకాలు, వాటికి ఋణ సంఖ్యలు కూడా చేరితే పూర్ణ సంఖ్యలు. ఈ పేర్ల విషయంలో నేను పిల్లల పక్షమే. అర్థంలో తేడా ఇంత ఉన్నప్పుడు మాటలో తేడా ఇంకాస్త ఉండాల్సింది.

సున్నా సహజ సంఖ్యా, కాదా? మన బడుల్లో కాదు, 1 నుంచే లెక్క. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ గణిత సంకేతాల పట్టికలో మాత్రం సున్నా సహజ సంఖ్యల్లోనే ఉంది. ఇద్దరిదీ తప్పు కాదు, ముందే చెప్పుకుని మొదలుపెట్టాలంతే. పూర్ణ సంఖ్యల సమితికి జెడ్ అన్న అక్షరం ఎందుకొచ్చిందంటే జర్మన్ భాషలో సంఖ్యలను ‘త్సాలెన్’ అంటారు, రాసేటప్పుడు జెడ్‌తో మొదలవుతుంది.

ఋణ సంఖ్య అన్న పేరు మాత్రం బంగారం లాంటిది. బ్రహ్మగుప్తుడు కూడికలు, తీసివేతలు, గుణకారాలకు సూత్రాలు చెప్పేటప్పుడు ధనం, ఋణం అనే మాటలే వాడాడు. చేతిలో ఉన్నది ధనం, ఇవ్వాల్సింది ఋణం, రెండూ సమానమైతే సున్నా. బ్యాంకులో ఋణం, రైతు ఋణమాఫీ, లెక్కల పుస్తకంలో ఋణ సంఖ్య. ఒకటే మాట. ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనం ఎందుకవుతుందని పిల్లలు అడిగితే అప్పు భాషలోనే చెప్పొచ్చు. నెలకు అయిదు వందల చొప్పున మీరు కట్టాల్సిన మూడు వాయిదాలు రద్దయ్యాయనుకోండి. పదిహేను వందలు మీ చేతిలో మిగిలాయి.

* * *

వీసమెత్తు అనుమానం లేదు అంటాం. ఆ వీసం ఎంతో మీకు తెలుసా? కచ్చితంగా పదహారో వంతు. కాలు అంటే నాలుగో వంతు, అర, ముక్కాలు, పరక అంటే ఎనిమిదో వంతు, వీసం పదహారో వంతు, కాని అరవై నాలుగో వంతు. పాత తెలుగు లెక్కల్లో భిన్నాలు ఇలా నాలుగేసి వంతులుగా దిగుతూ పోతాయి. వీటికి రాతలో వేరే గుర్తులు కూడా ఉండేవి. కాలుకు ఒక నిలువు గీత, అరకు రెండు, ముక్కాలుకు మూడు. వీసాల దగ్గరికి వచ్చేసరికి గీతలు అడ్డంగా తిరుగుతాయి: ఒక వీసానికి ఒక అడ్డగీత, రెండింటికి రెండు. ఆ తర్వాతి స్థానంలో మళ్లీ నిలువు. గీత నిలువా అడ్డమా అన్నదాన్ని బట్టి స్థానం పోల్చుకోవచ్చు. నిలువు గీతల స్థానంలో ఏమీ లేకపోతే రాసే గుర్తుకు హళ్ళి అని పేరు. ‘హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న’ అనే మాట చెవిన పడినప్పుడల్లా నాకు ఈ గీతలే కళ్ల ముందు కదులుతాయి. ఈ గుర్తులు పోలేదు. 2008లో యూనికోడ్ తెలుగు పట్టికలో తూము గుర్తుతో పాటు చోటు చేసుకున్నాయి. ఫాంటు సరిగ్గా ఉంటే మీ ఫోనులో కూడా కనిపిస్తాయి.

రూపాయికి పదహారణాలు. అణా అంటే రూపాయిలో వీసం, బేడ అంటే పరక, పావలా అంటే కాలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక అణా విలువ ఆరుంపావు పైసలైంది, నాణెం చెలామణి నుంచి పోయింది. భాషలో మాత్రం పదహారణాల తెలుగుదనం అంటూ పదహారు వీసాలు కలిసి నిండు ఒకటి అవుతూనే ఉన్నాయి. ఒక్కసారి మళ్లీ కాగితం దగ్గరికి వద్దాం. ఏ0 అనే పెద్ద కాగితం వైశాల్యం ఒక చదరపు మీటరు. దాన్ని నాలుగుసార్లు సగం చేస్తే ఏ4. అంటే ఇందాక కొలిచిన కాగితం ఒక చదరపు మీటరులో వీసం!

ఈ నాలుగుల లెక్క పాతబడి పోయిందనుకోకండి. కంప్యూటరుకు 0.1కి 0.2 కలపమని చెప్పి, వచ్చినది పూర్తిగా చూపించమనండి. చాలా భాషల్లో 0.30000000000000004 అని చూపిస్తుంది. పాడైపోలేదు. కంప్యూటరు రెండుల్లో లెక్కపెడుతుంది. మన పద్ధతిలో మూడో వంతు 0.333... అని తెగకుండా పోయినట్టే, రెండుల పద్ధతిలో పదో వంతు తెగదు. ఎక్కడో ఒకచోట కత్తిరించక తప్పదు, ఆ కత్తిరింపే చివర నాలుగై కనిపిస్తోంది. పది పైసలను కంప్యూటరు ఆ పద్ధతిలో కచ్చితంగా రాయలేదు. అణాను రాయగలదు! వీసం రెండుల్లో 0.0001, నాలుగుల్లో 0.01, అక్కడితో తెగిపోతుంది. భిన్నం తెగుతుందా, తెగదా అన్నది ఆ భిన్నం గుణం ఒక్కటే కాదు, మనం ఎన్నేసి చొప్పున లెక్కపెడుతున్నామన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. పదుల్లో అయితే హారం రెండులు, అయిదుల గుణకారంగా విడిపోవాలి. రెండుల్లో అయితే ఒట్టి రెండులుగానే విడిపోవాలి.

తెగకపోయినా అకరణీయాలు క్రమం తప్పవు. ఏడో వంతు 0.142857142857... అని అవే ఆరు అంకెలు తిరుగుతాయి. 142857ను రెండుతో హెచ్చిస్తే 285714, మూడుతో అయితే 428571. అవే అంకెలు, మొదలయ్యే చోటే వేరు. ఏడుతో హెచ్చిస్తే 999999.

ఈ ఏడు ఆటను పన్నెండు వందల ఏళ్ల కిందట ఆడినవాడు మహావీరాచార్యుడు. 850 ప్రాంతంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో గణితసార సంగ్రహం రాశాడు. 142857143ను 7తో గుణిస్తే 1000000001. రెండు చివర్లా ఒకట్లు, మధ్యంతా సున్నాలు. 27994681ని 441తో గుణిస్తే 12345654321. ఎటు నుంచి చదివినా ఒకటే. ఇలాంటి సంఖ్యలను ఆయన మెడలో హారాలతో పోల్చాడు. ఆ పుస్తకాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా మనం చెప్పుకునేది అదే.

మల్లన పేరు మీద ఒక పద్యం ప్రసిద్ధి. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, తర్వాతి గడిలో రెండు, ఆపై నాలుగు, అలా రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్లూ నింపితే మొత్తం ఎన్ని అన్నదానికి జవాబు. అంకె ఒక్కటీ అంకెలా ఉండదు. బాణాలంటే మన్మథుడివి, అయిదు. చంద్రుడంటే ఒకటి. ఆకాశం సున్నా, వేదాలు నాలుగు, కొండలు ఏడు, దిక్కుల ఏనుగులు ఎనిమిది. పద్యం చదువుతూ అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోతే 18446744073709551615 వస్తుంది. ఇరవై అంకెలు, ఒక్కటీ తప్పు లేదు. అరవై నాలుగు బిట్ల కంప్యూటరు ఒక్క విడతలో పట్టుకోగల అతి పెద్ద పూర్ణాంకం కూడా ఇదే. పుస్తకంలో ఈ పద్యం చూసి నేను మొదటిసారి కాలిక్యులేటరుతో సరిచూసుకున్న రోజు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

* * *

1729 రామానుజన్ సంఖ్య అని అందరికీ తెలుసు. రెండు ధన పూర్ణ సంఖ్యల ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగిన వాటిలో అతి చిన్నది. అది హర్షద సంఖ్య అని తెలుసా? అంకెలన్నీ కూడండి, 19. 1729ని 19తో భాగించండి, 91. ఒకటి ఇంకొకదాన్ని తిరగేస్తే వచ్చేదే! తన అంకెల మొత్తంతో నిశ్శేషంగా తెగే సంఖ్యలకు, ఆనందాన్నిచ్చేవి అని హర్షద పేరు పెట్టినవాడు నాసిక్ దగ్గర దేవలాలీలో బడిపంతులుగా పనిచేసిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్.

ఆయనదే 6174 కూడా. నాలుగంకెల సంఖ్య ఒకటి తీసుకోండి, నాలుగూ ఒకే అంకె కాకుండా. అంకెలను పెద్ద నుంచి చిన్నకు పేర్చి, అందులోంచి చిన్న నుంచి పెద్దకు పేర్చినది తీసెయ్యండి. వచ్చినదానితో మళ్లీ అదే చెయ్యండి. ఏడు విడతలు దాటకుండా 6174కి చేరతారు, ఇక అక్కడే ఉండిపోతారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956తో చేసి చూశాను. 9651 − 1569 = 8082, 8820 − 0288 = 8532, 8532 − 2358 = 6174. మూడే విడతలు. తెలంగాణ ఏర్పడిన 2014కు మాత్రం మొత్తం ఏడూ పట్టాయి: 4086, 8172, 7443, 3996, 6264, 4176, 6174.

ప్రధాన సంఖ్యల గురించి ఎంతైనా రాయొచ్చు, రెండే మాటలు చెబుతాను. 1 ప్రధాన సంఖ్య కాదని ఇప్పుడు బడిలో చెబుతున్నాం. 1914లో అమెరికాలో అచ్చయిన లేమర్ ప్రధాన సంఖ్యల పట్టిక మాత్రం 1తోనే మొదలవుతుంది. దాన్ని పక్కన పెట్టడానికి కారణం ఉంది. 12ని ప్రధానాలుగా విడగొడితే 2, 2, 3 అని ఒక్కటే జవాబు రావాలి. 1 కూడా ప్రధానమైతే ఎన్ని ఒకట్లయినా పక్కన చేర్చుకుంటూ పోవచ్చు, జవాబు ఒకటిగా ఉండదు. రెండోది, వాట్సాప్‌లో మీ మాటలకు తాళం వేసే లెక్క ఒక్క ప్రధాన సంఖ్య మీద నడుస్తుంది. రెండును 255 సార్లు వేసి గుణించి, అందులోంచి 19 తీసేస్తే వచ్చే 77 అంకెల సంఖ్య అది. ఇచ్చిన సంఖ్య ప్రధానమా కాదా అని ఏ ఊహ మీదా ఆధారపడకుండా, ఎప్పుడూ తప్పకుండా, సంఖ్య ఎంత పెద్దదైనా తగినంత త్వరగా తేల్చే పద్ధతిని మొదట చూపించింది మనవాళ్లే. 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూరు నుంచి మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ ముగించిన ఆయన శిష్యులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా.

* * *

ఋణ సంఖ్య దేనికీ వర్గం కాదు, కాబట్టి దానికి వర్గమూలం లేదని మహావీరాచార్యుడు తేల్చి చెప్పాడు. ఉన్న సంఖ్యల్లో ఆ మాట నిజమే. ఆ తలుపు ఇటలీలో ఇంకో వైపు నుంచి తెరుచుకుంది. ఒక సంఖ్య ఘనం, ఆ సంఖ్యకు పదిహేను రెట్ల కన్నా నాలుగు ఎక్కువ. ఏది ఆ సంఖ్య? 4 అని చూస్తే తెలిసిపోతుంది: 64 = 60 + 4. కానీ అప్పటి సూత్రంలో వేసి లెక్కిస్తే మధ్యలో −121 వర్గమూలం వచ్చి కూర్చుంటుంది. చాలామంది అక్కడ పెన్ను కింద పెట్టేసేవారు. బాంబెల్లి అనే ఇటలీ గణితవేత్త మాత్రం పెట్టలేదు. −1 వర్గమూలం ఏదో ఉందనుకుని, దానికీ గుణకార నియమాలు రాసుకుని ముందుకు పోయాడు. చివర్లో అవి రెండు వైపుల నుంచీ వచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. మిగిలింది 4. ఆయన పుస్తకం 1572లో అచ్చయింది. తర్వాత డెకార్ట్ వీటికి ‘ఊహలో ఉండేవి’ అన్న అర్థంలో పేరు పెట్టాడు. మన ఇంటర్ పుస్తకంలో, ఇవి మామూలు సంఖ్యలతో కలిస్తే వచ్చే సంకీర్ణ సంఖ్యకు వాస్తవ భాగం, కల్పిత భాగం అని ఉండేది అందుకే.

ఆ ‘కల్పితం’ అన్న మాట వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. పిల్లలు ఇది ఎక్కడా లేని లెక్క అనుకుంటారు. ఊళ్లో బోరు మోటారు దగ్గరికి వెళ్లి చూడండి. స్టార్టరు డబ్బా పక్కన కెపాసిటర్ ఉంటుంది. ఉచిత విద్యుత్తు ఇచ్చేటప్పుడు రైతులు తప్పక బిగించుకోవాలని ప్రభుత్వం చెప్పిన వాటిలో అదొకటి. ఎందుకంటే మోటారు లాగే కరెంటులో కొంత నీళ్లు తోడుతుంది. ఇంకొంత ఏ పనీ చెయ్యకుండా చుట్టల్లోని అయస్కాంత క్షేత్రం కోసం లైను మీద వస్తూ పోతూ ఉంటుంది. తీగలు వేడెక్కడానికి, ఊరి ట్రాన్స్‌ఫార్మరు మీద బరువు పడడానికి ఈ వచ్చిపోయే కరెంటు కూడా కారణం. ఇంజినీరు లెక్కలో పనిచేసేది వాస్తవ భాగం, వచ్చిపోయేది కల్పిత భాగం. మోటారు చుట్టకు కల్పిత భాగం ఒక గుర్తుతో వస్తుంది, కెపాసిటరుకు సరిగ్గా దానికి ఎదురు గుర్తుతో. రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. బాంబెల్లి కాగితం మీద చేసిన కొట్టివేతే పొలం గట్టు మీద జరుగుతోంది. ఏసీ కరెంటుకు ఈ సంఖ్యలతో లెక్కకట్టడాన్ని 1893లో వాడుకలోకి తెచ్చినవాడు స్టైన్‌మెట్జ్. గణితంలో −1 వర్గమూలానికి ఐ అని రాస్తే, కరెంటుకు అప్పటికే ఐ ఉంది కాబట్టి ఎలక్ట్రికల్ వాళ్లు జె అని రాస్తారు.

* * *

చివరగా మళ్లీ మేనకోడలి పుస్తకం దగ్గరికి. వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే ‘పై’ విలువ 22/7 అని ఏడో తరగతిలో చెప్పాం, అది కరణీయ సంఖ్య అని తొమ్మిదిలో చెబుతున్నాం. భిన్నమూ అదే, భిన్నం కానిదీ అదేనా? 22/7 దగ్గరి విలువ మాత్రమే. ఆర్యభటుడు 499లో ఇరవై వేల వ్యాసానికి 62,832 చుట్టుకొలత అని చెబుతూ, అది ఆసన్నం, అంటే దగ్గరిది, అని కూడా చేర్చాడు. ఆ ఒక్క మాటను ఏడో తరగతిలో 22/7 పక్కన రాయించి ఉంటే తొమ్మిదిలో ఈ గందరగోళం ఉండేది కాదు.

పేరులో మాత్రం ఇక్కడ నిజంగానే చిన్న తేడా ఉంది. కరణి అంటే వర్గమూలం. ‘పై’ ఏ వర్గమూలమూ కాదు, ఏ ఘనమూలమూ కాదు. పూర్ణ సంఖ్యలతో ఏ బహుపది సమీకరణం రాసినా దానికి మూలంగా ‘పై’ రాదని 1882లో లిండెమాన్ నిరూపించాడు. ఇలాంటివి బీజాతీత సంఖ్యలు. చక్రవడ్డీ లెక్కల్లో పుట్టిన ‘ఈ’, సుమారు 2.71828, కూడా ఆ జాతిదేనని అంతకు తొమ్మిదేళ్ల ముందు హెర్మిట్ చూపించాడు. సంఖ్యారేఖ మీద కళ్లు మూసుకుని వేలు పెడితే తగిలేది దాదాపు ఖాయంగా ఈ జాతి సంఖ్యే. మనకు పేరుతో తెలిసినవి గుప్పెడే.

“మామయ్యా, అయితే ఆ రెండూ కలిపితే?” అంది. ‘పై’కి ‘ఈ’ని కలిపితే సుమారు 5.85987 వస్తుంది. అది కరణీయమా, అకరణీయమా? ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. రెండింటినీ గుణిస్తే వచ్చేది కూడా అంతే. ఒక్కటి మాత్రం రూఢి: ఆ మొత్తమూ ఆ లబ్ధమూ రెండూ బీజాతీతం కాకుండా ఉండడం కుదరదు. అలా ఉంటే ఆ రెండింటితో ఒక వర్గ సమీకరణం రాసి ‘పై’ని దాని మూలంగా పట్టుకోవచ్చు, లిండెమాన్ అది అసాధ్యమన్నాడు. కాబట్టి రెండింటిలో కనీసం ఒకటి బీజాతీతమే. ఏదన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు. మా మేనకోడలు ఆ రెండు సంఖ్యలనూ పుస్తకం చివరి అట్ట లోపల రాసుకుని, పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టుకుంది.